పెట్టె నోట పలికిందే లెక్క

నమోదు 311. మంగళవారం, సముద్రం వెనక్కి తీసే పాటు

పెట్టె మూగబోయింది. తెర వెలుగుతోంది, గీతలు పరుగెత్తుతున్నాయి, పాట నడుస్తున్నట్టే చూపిస్తోంది. స్పీకరులోంచి మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. వచ్చే వారమే కూడిక, వాడంతా పోగయ్యే రోజు. సరిగ్గా ఇలాంటప్పుడే దీనికి రోగాలన్నీ వస్తాయి.

నా తర్వాత ఈ మరమ్మతు చిట్టా రాయబోయేవాళ్ళకి ఒక మాట. స్పీకరు పలకకపోతే ముందే దాన్ని తిట్టకండి, చెవితీగ గుచ్చే కన్నం చూడండి. తీగ గుచ్చగానే లోపల ఒక రేకు జరిగి స్పీకరు నోరు మూసేస్తుంది. మన గాలి నిండా ఉప్పే కదా, ఆ రేకు దగ్గర ఉప్పు పేరుకుంటే తీగ లేకపోయినా ఉందనే అనుకుంటుంది ఈ తిక్క పెట్టె. వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసి, సారాలో ముంచి కన్నంలో తిప్పాను. తెల్లగా ఉప్పు పెచ్చు ఊడివచ్చింది. పాట ఒక్కసారిగా భళ్ళుమనేసరికి పక్క తెప్ప మీద వల కుట్టుకుంటున్న దాలమ్మ ఉలిక్కిపడి నా వంశాన్నంతా తిట్టింది. ఆ తిట్లు కూడా చెవికి ఇంపుగానే ఉన్నాయి.

ఆ సంతోషంలో పాట మొదటినుంచీ విన్నాను. ఒక్కొక్కరిదీ ఒక్కో చరణం. మా పెద్ద పైడయ్య మావ వచ్చాడు, దాలమ్మ వచ్చింది, అసిరమ్మ వదిన వచ్చింది, వదిన కోడలు గౌరి వచ్చింది. గౌరికి కిందటి నెల పుట్టిన పసిది కూడా వచ్చింది. దాని ఏడుపు నేనే పట్టాను. మైకు చూడగానే నోరు మూసేసి నా వేలు పట్టుకుంది గడుసుది, అరికాలు గిల్లితే గానీ ఏడవలేదు. అందరూ వరసగా పలికారు. నా వంతు వచ్చేసరికి వట్టి డప్పు మోగింది. నా చరణం నిడివంతా డప్పే. నా గొంతు లేదు.

నమోదు 312. బుధవారం, పోటు

పొద్దున్నే చెవితీగ పెట్టుకుని విన్నాను. అందులో నా గొంతు ఉంది. కాస్త వింతగా, తల వెనక నిలబడి ఎవరో పాడుతున్నట్టుగా ఉంది కానీ, ఉంది. చెవిలో నీళ్ళు పోయాయేమోనని ఒంటికాలి మీద గెంతి మళ్ళీ విన్నాను. అలాగే ఉంది. తీగ తీసేస్తే మళ్ళీ డప్పే.

వదినకి చెప్పాను. పెట్టె పని మేమిద్దరం పంచుకున్నాం. లోపలిది నాది. తీగలు, మరలు, బ్యాటరీ, స్పీకరు నావి. పైది ఆమెది. గొంతులు పట్టాక వాటిని జత కలిపి పాటగా ముడివేసేది అసిరమ్మ వదిన. మరమ్మతు చేసే చెయ్యి ముడివేసే పేజీని తాకకూడదు, ముడివేసే చెయ్యి మర విప్పకూడదు. ఇద్దరి చేతుల్లో ఉంటే మోసం జరగదని పెద్దలు అలా పెట్టారు. నేను ఇన్నేళ్ళలో ఆ పేజీ తెరిచిన పాపాన పోలేదు.

వదిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని విని, తన వైపు అంతా సరిగ్గానే ఉందనీ, స్పీకరే ముసలిదై ఉంటుందనీ చెప్పింది. నేను నమ్మాను. నమ్మకపోవడానికి నాకేం పని? ఆమె మా ఆయన అప్పన్నకి అక్క. అతను సముద్రంలో మునిగిపోయిన ఏడాది నాకు నోటిలో ముద్ద పెట్టి తినిపించిన మనిషి.

కానీ భయం పట్టుకుంది. కూడిక నాడు పెట్టెను నడిమి తెప్ప మీద పెట్టి, తీగలేవీ తగిలించకుండా, దాని సొంత నోటితోనే పాట వేస్తారు. పూర్వం ఎవడో పక్కనుంచి తీగ లాగి లేని మనుషుల గొంతులు పలికించి నీళ్ళు కాజేశాడట. అప్పటినుంచీ పెట్టె నోట పలికిందే లెక్క. పలికినవాళ్ళకి నీళ్ళ వాటా, తెప్ప, పదిమందిలో మాట. పలకనివాళ్ళు ఉన్నా లేనట్టే. ఎవరింట్లోనో చుట్టంగా పడి ఉండొచ్చు, అంతే. బూలోకం తాత గొంతు అలాగే పలకలేదు. ఆఖరి రోజుల్లో కొడుకింట్లో కూర్చుని మనవడు నీళ్ళు తాగుతుంటే చెంబు వైపు చూసేవాడు. అడగడానికి నోరు రాక చూపు తిప్పుకునేవాడు. నేను అలా బతకలేను. ఒకరి చెంబు వైపు చూస్తూ బతకడం నా వల్ల కాదు.

నమోదు 313. గురువారం

బ్యాటరీ అనుకున్నాను. ఛార్జి తగ్గితే పెట్టె లోగొంతులను మింగేస్తుంది, నాదేమో అసలే మగగొంతు. సూర్యపలక మీద రోజంతా కాపలా కాశాను, కాకి రెట్ట తుడుస్తూ. నిండా ఛార్జి ఎక్కింది. పైడయ్య మావ లోగొంతు గంటలా మోగింది. నాది లేదు.

ఈ కష్టంలో ఒకటి చెప్పుకోవాలి. మా వాడ మంచిది. దాలమ్మ, ఎప్పుడూ నాతో కాకిలా పోట్లాడే దాలమ్మ, ఎండుచేపల పొట్లం తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఎందుకే అంటే ఊరికే అంది. పైడయ్య మావ పనిగట్టుకుని వచ్చి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. నన్ను తల్లీ అన్నాడు. పదేళ్ళుగా ‘ఏయ్ పెట్టెదానా’ తప్ప వేరే పిలుపు ఎరగను. నీళ్ళ యంత్రం దగ్గర వరసలో నన్ను ముందుకి పొమ్మన్నారు. కిందటి తుఫానులో ఉప్పునీళ్ళు వడకట్టే ఆ యంత్రం పొర చిరిగినప్పటినుంచీ వరసలో ఒకరినొకరు కొరుక్కుంటున్నారు, అలాంటిది నాకు దారి ఇచ్చారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

నమోదు 314. శుక్రవారం, పాటు

స్పీకరు విప్పాను. అట్ట అంచున పిసరంత చిరుగు ఉంది. అంత చిరుగుకి ఒక్క గొంతే ఎలా పోతుందని బుర్ర అడుగుతూనే ఉంది, భయం దాని నోరు మూసింది. కొత్త అట్ట ఎక్కడ దొరుకుతుంది? ఒడ్డు మునిగాక స్పీకర్లు చేసేవాళ్ళు లేరు. మా వాడ మొత్తంలో ఇంకొకటే మంచి స్పీకరు ఉంది. అది అప్పన్న రేడియోలో ఉంది.

ఆ రేడియో ఇప్పుడేమీ పలకదు. అయినా అప్పన్న దాన్ని చెవికి ఆనించుకుని గాలి గుసగుస వింటూ పడుకునేవాడు. పైన చెవి ఆనే చోట రంగు పోయింది. రోజూ దాన్ని గుడ్డతో తుడిచినా ఆ చోటు మాత్రం నేను తుడవను.

విప్పుతుంటే వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది. మరలు కిందపడి నీళ్ళలో పోకుండా తన అరచేయి చాపింది. ఒక్కొక్క మరా తీసి అక్క చేతిలో తమ్ముడి రేడియోని పెట్టాను. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. తమ్ముడు గుర్తొచ్చాడనుకున్నాను. ఒద్దని ఒక్క మాట అని ఉంటే ఆగిపోయేదాన్ని.

అప్పన్న స్పీకరు పెట్టెలో బిగించాను. అందరి గొంతులూ మునుపటికన్నా తేటగా వచ్చాయి. పసిదాని ఏడుపుకి వాడంతా నవ్వారు. నా వంతుకి డప్పు.

దాలమ్మ అటునుంచి ‘ఆడలేక మద్దెల ఓడందట’ అని పాత సామెత విసిరింది. రోజూ అయితే దానికి నాలుగు రెట్లు తిరిగి విసిరేదాన్ని. అలా అన్నాక తనే తల దించుకుని వలలోకి దూరిపోయింది. అది నాకు కొత్తగా అనిపించింది.

నమోదు 315. శనివారం

మళ్ళీ పాడాను. తప్పు నా గొంతుదే అయితే గొంతే మారుద్దామని, రెండు మెట్లు పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా కీచుగా పాడాను. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. యాభై దాటిన ముండని, సిగ్గు చంపుకుని పాడాను. వదిన ఓపికగా మైకు పట్టింది, మంచినీళ్ళు తాగించింది, మూడుసార్లు పట్టి బాగున్నది ఎంచింది. పేజీ తెరిచి ముడివేసింది. నేను మర్యాదగా మొహం అటు తిప్పుకున్నాను.

వేస్తే, డప్పు.

అప్పుడు వదిన నా తల నిమిరింది. "వయసు మీద పడితే గొంతు అలాగే అరిగిపోద్దే నూకాలూ. నానున్నాను కదా, నీకు బెంగేల?"

ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఇది చిట్టాలో రాయాల్సింది కాదు, అయినా రాస్తున్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను, ఆమె వీపు రాసింది.

నమోదు 316. ఆదివారం, పోటు

తెలిసింది.

పొద్దున పెట్టె మీటలకి పట్టిన ఉప్పు తుడుస్తున్నాను. పాట నడుస్తోంది. పక్కమీట అని ఒకటి ఉంది, చెవితీగలో చప్పుడును ఎడమ చెవికో కుడి చెవికో తిప్పడానికి. ఒక్క స్పీకరుకి దానితో పని లేదు గనక ఎవరూ ముట్టరు. గుడ్డ తగిలి అది ఎడమ కొసకి తిరిగిపోయింది. నా గొంతు స్పీకరులోంచి ఉరికివచ్చింది. కీచు గొంతు, నాదే, బతికున్న గొంతు.

మీటను కుడి కొసకి తిప్పాను. అక్కడా ఉన్నాను. మెల్లగా మధ్యకి తెచ్చాను. మధ్యకి వచ్చేకొద్దీ సన్నబడి, సరిగ్గా నడుమన మాయమయ్యాను.

తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇది కూడా రాస్తాను. పెట్టె ప్రతి గొంతునీ రెండు పాయలుగా ఉంచుతుంది, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. స్పీకరు ఒక్కటే కాబట్టి రెండూ అందులో కలిసిపోతాయి. ఒక పాయను తిరగేసి పెడితే, అది అట్టను ముందుకి తోసినప్పుడల్లా రెండోది వెనక్కి లాగుతుంది. ఒకే తలుపును లోపలినుంచి ఒకరు, బయటినుంచి ఒకరు సమానంగా తోస్తే తలుపు కదలదు. అట్టా కదలదు. చెవితీగలో మాత్రం రెండు పాయలూ వేరువేరు కాబట్టి గొంతు ఉంటుంది, తల వెనకనుంచి వస్తున్నట్టు ఉంటుంది.

ఇది ఉప్పు చేసే పని కాదు, ముసలితనం చేసే పనీ కాదు. ముడివేసే పేజీలో ఒక గుర్తు నొక్కితేనే అవుతుంది.

కట్టు తప్పాను. పేజీ తెరిచాను. అందరి పేర్ల పక్కనా గుర్తులు నిటారుగా నిలబడి ఉన్నాయి. నూకాలు పేరు పక్కన ఒక గుర్తు తలకిందులుగా ఉంది. ఒకసారైతే చెయ్యి జారిందనుకుందును. నిన్న కొత్తగా పాడినదానికి కూడా ఉంది. చెయ్యి రెండుసార్లు జారదు.

అరచేయి చాపి నా మొగుడి రేడియో మరలు ఒక్కొక్కటీ అందుకుంది. తెలిసి అందుకుంది. నా గొంతు ఎక్కడ పోయిందో ఆమెకి తెలుసు, తెలిసీ విప్పనిచ్చింది. నన్ను తీసేయాలనుకోవడాన్ని ఏనాటికైనా మింగుతానేమో గానీ, ఆ అరచేతిని మరవలేను.

గుర్తును సరిచేయలేదు. అలాగే ఉంచి పేజీ మూశాను.

నమోదు 317. సోమవారం, పాటు

వదిన తెప్పకి వెళ్ళాను. ఒక అవకాశం ఇద్దామని వెళ్ళాను, అది మాత్రం నిజం. అరగంట కూర్చుని, పసిదాన్ని ఆడిస్తూ, రేపు నా గొంతు పలకకపోతే ఏమవుతుందని మామూలుగా అడిగాను. అప్పటికైనా చెబుతుందేమోనని చూశాను.

లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. పడమటి మూల ఊడ్చి ఉంది. కొత్త చాప పరిచి ఉంది, మరుగుకి పాత చీరతో తెర కుట్టి ఉంది. చీర అంచు పొడవునా దగ్గర దగ్గరగా వేసిన కుట్టు. అది ఒక పూటలో అయ్యే పని కాదు. నా పెట్టె మూగబోకముందే మొదలుపెట్టి ఉండాలి.

"ఇక్కడే ఉండిపోదువు గాని. నాకున్న దాంట్లోనే నీకింత పోస్తాను," అంది.

అంత ప్రేమగానూ అంది. నవ్వుతూ గొంతు కోయడమని వినడమే, చూడటం ఇదే మొదలు.

అప్పుడే అర్థమైంది నాకు. ఆ తుఫాను తర్వాత, నీళ్ళ వాటాల్లో ఇక ఒక్క చెంబు కూడా పెరగదని పైడయ్య మావ చెప్పిన రోజు, గౌరి కడుపులో బిడ్డ మాటేమిటని ఎవరో అడిగారు. దేవుడు చూసుకుంటాడులే అన్నాడు. దేవుడికి వదిన సాయం పట్టిందన్నమాట. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక్క ప్రాణం, అడిగేవాళ్ళు లేరు. తీసేయడానికి నాకన్నా తేలికైన గొంతు ఎవరిది?

పసిది మళ్ళీ నా వేలు పట్టుకుంది. విడిపించుకుని వచ్చేశాను.

నమోదు 318. మంగళవారం, పోటు. కూడిక

ఆఖరి ముడి అయ్యాక పెట్టె ఛార్జి కోసం నా దగ్గరే ఉంటుంది. తెల్లవారాక స్నానం చేసి, దీపం పెట్టి, పేజీ తెరిచి గుర్తును నిటారుగా నిలబెట్టాను. ఒక్క నొక్కు. ఇన్ని రోజుల ఏడుపు ఒక్క నొక్కుతో పోయింది. వదిన గుర్తు కూడా పక్కనే ఉంది. దాన్ని తలకిందులు చేయాలని వేలు లాగింది. లాగిందని రాస్తున్నాను, నేను దేవతనేం కాదు. కానీ ముట్టలేదు.

నడిమి తెప్ప మీద పెట్టెను పెట్టాను. తీగలేవీ లేవని పైడయ్య మావ చుట్టూ చెయ్యి తిప్పి చూసి, ఎప్పటి మాటే అందరికీ వినిపించేలా చెప్పాడు. మన దగ్గర ఎవరినీ ఎవరూ పొమ్మనరు అన్నాడు. ఒడ్డు మునిగినప్పుడు మమ్మల్ని ఊరూరా పొమ్మన్నారు, అందుకే మా పెద్దలు ఆ మాటే వాడలో లేకుండా చేశారు. పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. పెట్టె పలికినవాళ్ళు ఉంటారు, అంతే.

వదిన వచ్చి నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. రాబోయే దెబ్బకి నన్ను పట్టుకోవడానికన్నమాట. తియ్యలేదు నేను. పట్టుకోనిచ్చాను.

పాట మొదలైంది. పైడయ్య మావ, దాలమ్మ, ఒక్కొక్కరూ పలికారు. వదిన పలికింది, గౌరి పలికింది, పసిది ఏడ్చింది. నా డప్పు వచ్చింది. వదిన నా చేతిని గట్టిగా నొక్కింది.

నా గొంతు వచ్చింది. అప్పన్న స్పీకరులోంచి, కీచుగా, నిండుగా, నడిమి తెప్ప అంతా నిండేలా వచ్చింది.

వదిన చేతులు చల్లబడ్డాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది జారిపోయాయి. ఆమె మొహం చూడలేదు నేను, జనం వైపు చూశాను. పోయిందనుకున్న గొంతు పలికింది కదా, అందరూ ఆశ్చర్యంగా పెట్టె వైపు చూస్తారనుకున్నాను. దాలమ్మ ఏడుస్తుందనుకున్నాను.

ఒక్కరూ పెట్టె వైపు చూడలేదు. అందరూ అసిరమ్మ వదిన వైపు చూశారు.

దాలమ్మ, పైడయ్య మావ, గౌరి, వరసలో నాకు దారి ఇచ్చినవాళ్ళు, అందరూ. ఇదేమిటన్నట్టు, చెప్పింది చేయలేదేమన్నట్టు చూశారు. ఎండుచేపల పొట్లం ఎందుకో తెలిసింది. తల్లీ అనే పిలుపు ఎందుకో తెలిసింది. పొమ్మనడం తప్పని, నోరు తెరిచి ఒక్కరూ అనలేదు. అందరూ కలిసి పెట్టె చేత అనిపించబోయారు. బూలోకం తాత గొంతు నిజంగానే అరిగిపోయిందా అని అప్పుడు తోచింది.

పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. వదిన నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినిపించేలా అంది. "మరి పిల్లకేటి సేద్దామే ఇప్పుడు?"

నేను అందరికీ వినిపించేలానే చెప్పాను. "నన్నడిగుంటే నా సెంబులో సగం దానికే పోసుందును. నన్నెవులూ అడగనేదు."

పైడయ్య మావ గొంతు సవరించుకున్నాడు. కూడికలో పాట రెండోసారి వేయడం ఎన్నడూ లేదు. "ఇంకోపాలి ఎయ్యి," అన్నాడు. ఈసారి పలకదేమోనని ఆశ, పాపం.

చప్పుడు పూర్తిగా పెంచి వేశాను.

నమోదు 319. బుధవారం, పాటు

నా వాటా నాకు వచ్చింది. వరసలో ఎవరూ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చే దారిలో గౌరి గుమ్మం ముందు వాళ్ళ బిందె మూత తీసి, నా చెంబులో సగం పోశాను. లోపల వదిన ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. పిలవలేదు, నేను ఆగలేదు. దాలమ్మ ఎండుచేపలు తిరిగి దాలమ్మ గుమ్మంలోనే పెట్టి వచ్చాను.

అప్పన్న రేడియో డొల్ల బల్ల మీద ఉంది. స్పీకరు తిరిగి ఇమ్మని అడగడానికి ఆ పెట్టె కూడా నా చేతిలోనే ఉంది, ఎవరిని అడగాలి. మరలు వదిన దగ్గరే ఉండిపోయాయి. అవి తెచ్చుకోవడానికి వెళ్ళను.

మరమ్మతు ముగింపు. కన్నం శుభ్రం చేశాను, బ్యాటరీ చూశాను, స్పీకరు మార్చాను. పాత స్పీకరులో ఆ పిసరంత చిరుగు తప్ప ఏ లోపమూ లేదు.